పుట్టుక చెప్పునదెంత?

ఉపనయనమును కాదని ఇల్లు వెడలి సంగమేశ్వరుని ఆశ్రయించిన బాలబసవని కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున తెలుగువారికి చెప్పినాడు. ఆ కథకు మూలమైన ప్రశ్న ఒక్కటే. మానవుని పుట్టుక అతనిని గూర్చి ఏమి చెప్పగలదు? ఎంతవరకు చెప్పగలదు? జాతి, జనన, ప్రేత, రజ, ఉచ్ఛిష్టములను పంచసూతకములు ఇష్టలింగధారికి లేవని వీరశైవము శాసించినది. దీక్షతో పూర్వాశ్రయము తొలగునని చెప్పినది. చాకలి మడివాళ మాచయ్యయు, పడవ నడపు అంబిగర చౌడయ్యయు, మంగలి హడపద అప్పణ్ణయు అనుభవమంటపమున సరిసమానముగా కూర్చుండిరి. పుట్టుక మానవుని విలువను కొలువజాలదన్నది వారి జీవితములు పలికిన తీర్పు.

ఎనిమిది శతాబ్దముల తరువాత అదే ప్రశ్న మరియొక ద్వారమునుండి లోనికి వచ్చినది. ఈసారి దానిని తెచ్చినది శాస్త్రగ్రంథము కాదు, ప్రయోగశాల. కొంచెము లాలాజలమును తీసికొని, అందలి జన్యు లిపిని చదివి, ఈ పురుషునకు ప్రోస్టేటు కేన్సరు వచ్చు ప్రమాదము తక్కినవారికంటె ఎంత ఎక్కువయో, ఎంత తక్కువయో అంకెలతో చెప్పు విధానము ప్రపంచమున వ్యాపించుచున్నది. ఆ అంకె మానవుని పూర్వులు ఏ ఖండమువారన్నదానినిబట్టి మారుచున్నది. పుట్టుకకు విలువ లేదని నమ్మిన సమాజము, పుట్టుకనుండి లెక్క తీయు ఈ విద్యను ఎట్లు చూడవలెను? త్రోసిపుచ్చవలెనా? తలకెత్తుకొనవలెనా? ఇది వైద్యప్రశ్న మాత్రమే కాదు, ధర్మప్రశ్న కూడ.

మొదట వ్యాధిని గూర్చి కొంత తెలిసికొనుట అవసరము. ప్రోస్టేటు గ్రంథి పురుషులలో మూత్రాశయమునకు దిగువన, మూత్రనాళమును చుట్టుకొని ఉండు చిన్న గ్రంథి. వయస్సు మీరినకొలది అది ఉబ్బుట సామాన్యము. ఆ ఉబ్బు అంతయు కేన్సరు కాదు. కాని కొందరిలో అచట కేన్సరు పుట్టును. 2020లో ప్రపంచమున సుమారు 14 లక్షలమందికి ఈ వ్యాధి కొత్తగా సోకినదనియు, 2040నాటికి ఆ సంఖ్య ఏటా 29 లక్షలకు చేరగలదనియు లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘము 2024లో అంచనా వేసినది. మనుష్యుల ఆయుర్దాయము పెరుగుటయే అందుకు ముఖ్యకారణము. భారతదేశమున ఈ వ్యాధి ఐరోపా, అమెరికాలయందున్నంత అధికము కాదు. కాని మన రోగులలో అనేకులు వ్యాధి ఎముకలకు ప్రాకిన పిమ్మట మాత్రమే వైద్యుని చేరుచున్నారు. ముసలితనమున మూత్రబాధ సహజమేయని ఊరకుండుట, చెప్పుకొనుటకు సిగ్గుపడుట ఇందుకు తోడ్పడుచున్నవి.

ఈ వ్యాధిలో వంశము పాలు పెద్దది. స్వీడను, నార్వే, డెన్మార్కు, ఫిన్లాండు దేశముల కవలలను పరిశీలించి 2016లో ప్రకటించిన అధ్యయనము, పురుషునకు పురుషునకు మధ్య ఈ వ్యాధి విషయమున కన్పట్టు భేదములో సుమారు 57 శాతము వంశలక్షణములవలన కలుగునదేయని తేల్చినది. ఈ మాటను తప్పుగా గ్రహించుట సులభము. ఒక్కని వ్యాధిలో నూటికి 57 పాళ్లు తండ్రి ఇచ్చినదని దీని అర్థము కాదు. ఆ దేశములలో, ఆ జీవనవిధానములో, జనసమూహమున కన్పట్టిన భేదమునకు మాత్రమే ఆ లెక్క చెల్లును.

ఇక ప్రమాదాంకమును కట్టు విధము. మానవుని జన్యు లిపిలో సుమారు 300 కోట్ల అక్షరములు కలవు. అందు అచ్చటచ్చట ఒక్కొక్క అక్షరము మనిషికి మనిషికి మారును. వ్యాధి కలవారిని, లేనివారిని లక్షలకొలది పోల్చి చూచి, ఏ అక్షరభేదము రోగులలో ఎక్కువగా కన్పట్టునో శాస్త్రజ్ఞులు గుర్తింతురు. 2006లో ఐస్లాండునందును, అమెరికాయందును పనిచేసినవారు ఎనిమిదవ క్రోమోసోముపై ఇట్టి చోటును కనుగొనిరి. 2021లో ప్రకటించిన ఒక మహాధ్యయనమున 1,07,247 మంది రోగులను, 1,27,006 మంది ఆరోగ్యవంతులను పోల్చిన మీదట అట్టి గుర్తులు 269కి చేరినవి. 2023 నాటికి 451 అయినవి. ఇందు ఒక్కొక్కదాని బలము స్వల్పము. పురుషునియందు ప్రతి గుర్తు ఎన్ని ప్రతులున్నవో చూచి, దాని బలముచే హెచ్చవేసి, అన్నిటిని కూడగా వచ్చునదే ప్రమాదాంకము. చిన్న చిన్న వాగులు కలిసి ఏరగునట్లు ఇది సమకూరును.

ఈ లెక్క కొంత పనిచేయుచున్నదనుటకు నిదర్శనము కలదు. ఇంగ్లండులో 55 నుండి 69 ఏండ్ల పురుషులలో 6,393 మంది లాలాజలమునుండి 130 గుర్తులతో ఈ అంకమును కట్టిరి. అంకము అధికముగా వచ్చినవారిలో 468 మంది ఎం.ఆర్.ఐ. చిత్రణకును, గ్రంథిముక్క పరీక్షకును సమ్మతించిరి. వారిలో 187 మందికి కేన్సరు బయటపడినది. అందు 103 మందిది చికిత్స ఆలోచింపదగిన స్థాయి. ఇట్టివారిలో నూటికి సుమారు 72 మంది, అక్కడ వాడుకలోనున్న రక్తపరీక్ష, చిత్రణల పద్ధతిలో దొరకక పోయియుండెడివారే. ఈ ఫలితములు 2025లో ప్రకటితమైనవి. ఇది చిన్న మేలు కాదు.

అయితే రెండవ ప్రక్కను కూడ చూడవలెను. అధికప్రమాదులని ఎన్నిక చేసిన ఆ 468 మందిలో 281 మందికి ఆనాటికి కేన్సరు కన్పడలేదు. లెక్క హెచ్చరించినదే కాని శాసింపలేదు. మరియు ఆ పరిశీలనలో చేరినవారందరును ఐరోపా సంతతివారే. ఆ అంకెను గద్వాల చేనేత మగ్గమువద్ద కూర్చున్న పురుషునకో, నల్లమల అంచున చెలక దున్ను రైతుకో ఉన్నదున్నట్లు అన్వయింపవచ్చునా? వీలుకాదు. దాని కారణమును తెలిసికొన్నచో ధర్మప్రశ్న మరింత స్పష్టమగును.

శాస్త్రజ్ఞులు గుర్తించు అక్షరభేదములలో అనేకము వ్యాధికి స్వయముగా కారణములు కావు. అవి కారణమునకు ప్రక్కనుండు గుర్తులు మాత్రమే. ఒక గ్రామమున వైద్యుని ఇంటి ముందు వేపచెట్టు కలదనుకొందము. వేపచెట్టును చూచి ఇల్లు గుర్తింపుమని అచటివారికి చెప్పుట చెల్లును. అదే గుర్తుతో వేరొక గ్రామమునకు పోయినవానికి వేపచెట్లు దొరకును గాని వైద్యుడు దొరకడు. వేలయేండ్లు వేరువేరుగా బ్రతికిన జనసమూహములలో గుర్తునకును కారణమునకును గల ఇరుగుపొరుగు సంబంధము మారిపోవును. ఒక భేదము ఒకచోట నూటికి నలుబదిమందిలో ఉండి, మరియొకచోట నూటికి ఇద్దరిలోనే ఉండవచ్చును. ఇట్టి జన్యుపరిశోధనలలో పాల్గొన్నవారిలో ఐరోపా సంతతివారు నూటికి సుమారు 79 మందియనియు, లోకజనాభాలో వారు నూటికి 16 మందియేయనియు 2019లో ఒక ప్రసిద్ధ వ్యాసము చూపినది. 2021నాటి మహాధ్యయనము ఐరోపా, ఆఫ్రికా, తూర్పు ఆసియా, లాటిన్ అమెరికా సంతతులను కలిపికొని పెద్ద అడుగు వేసినది. ఆ నాల్గింటిలో భారతీయులకు వేరు వరుస లేదు. కొలబద్ద ఒకరి దేహమునుండి తయారై, ఎల్లవారి దేహములను కొలువబోవుట ఇందలి మొదటి అన్యాయము. ఇది ఎవరి దుర్బుద్ధివలననో కలిగినది కాదు. ధనమున్నచోట పరిశోధన సాగుటవలన కలిగినది.

రెండవ అపాయము ఇంతకంటె సూక్ష్మమైనది. అదే అధ్యయనమున ఐరోపా సంతతివారి సగటుతో పోల్చగా, ఆఫ్రికా సంతతి పురుషుల సగటు ప్రమాదాంకము 2.18 రెట్లనియు, తూర్పు ఆసియావారిది 0.73 వంతనియు తేలినది. సగటు సమూహమునకు చెందినది. వ్యాధి వ్యక్తికి చెందినది. ఆఫ్రికా సంతతిలో అల్పప్రమాదులును, ఆసియా సంతతిలో అధికప్రమాదులును అనేకులు కలరు. అమెరికాలో నల్లజాతి పురుషులు ఈ వ్యాధితో తెల్లవారికంటె సుమారు రెండింతలుగా మరణించుచున్న మాట నిజము. కాని అందు పేదరికము, వైద్యము ఆలస్యముగా అందుట, తరతరముల వివక్ష కూడ కలిసియున్నవి. ఆ మరణములనన్నిటిని రక్తమునకే అంటగట్టిన నాడు ఆసుపత్రి బాధ్యతయు, ప్రభుత్వ బాధ్యతయు తప్పిపోవును. జాతిభేదమునకు పాతకాలమున శాస్త్రప్రమాణము చూపిరి. నేడు అంకెను చూపు ప్రమాదము కలదు. సగటును జాతిగా మార్చు చూపును శరణులు ఏనాడో నిరాకరించిరి.

ఇక మన సంగతి. ఇతరులను విమర్శించుట ముగిసినచోట ఆత్మపరీక్ష మొదలగును. హైదరాబాదునందలి కణజీవశాస్త్ర పరిశోధనకేంద్రము, అనగా సి.సి.ఎం.బి., శాస్త్రజ్ఞులు విదేశీయులతో కలిసి 2009లో 25 భారతీయ సమూహముల జన్యులిపిని పరిశీలించిరి. 2013లో వెలువడిన తరువాతి అధ్యయనము ప్రకారము సుమారు 4,200 ఏండ్లనుండి 1,900 ఏండ్ల క్రితమువరకు ఈ దేశమున జనులు విస్తారముగా కలిసిపోయిరి. పిదప ఎవరి కులమున వారు పెండ్లియాడు కట్టుబాటు బిగిసినది. 2017లో 263 దక్షిణాసియా సమూహములను పరిశీలింపగా, 81 సమూహములలో కొద్దిమంది మూలపురుషులనుండి విస్తరించిన గుర్తులు బలముగా కన్పట్టినవి. ఆంధ్రదేశపు వైశ్యులలో కొందరికి శస్త్రచికిత్సవేళ ఇచ్చు ఒక కండరశిథిలకారి మందు శరీరమున త్వరగా విరుగక, చాలసేపు కదలిక రాకపోవుట వైద్యులు ముందే ఎరిగిన విషయము. అందుకు మూలమిదియే. అది ఆ కులమువారి దోషము కాదు. వారికి ముందుగా తెలిసియుండుటవలన మేలే. అట్టి గుర్తులు ఏ సమూహమునందైన ఉండవచ్చును.

ఇందలి నీతి వీరశైవులకు కొంచెము కటువుగానే తగులును. పుట్టుకకు విలువ లేదని నోట పలికినను, పెండ్లివేళ పుట్టుకనే వెదకినచో, ఆ వెదకులాట తరతరములుగా దేహమున వ్రాయబడుచునేయుండును. జన్యులిపి ఉపన్యాసములను వినదు, ఆచరణను మాత్రమే నమోదు చేయును. మాదిగవాడైన హరళయ్య కుమారునకు, బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెనిచ్చి శరణులు పెండ్లి జరిపిరి. ఆ పెండ్లికిగాను తండ్రులిరువురును ఘోరశిక్షకు గురియైరని సంప్రదాయము చెప్పును. కల్యాణ విప్లవమునకు అదియే నిప్పురవ్వ. బసవేశ్వరునియందు ఎంతయో ఆదరముగల మల్లికార్జున పండితారాధ్యుడు సైతము బ్రాహ్మణ్యమును విడువలేకపోయెనని తెలుగు శైవసంప్రదాయము దాచక చెప్పుచున్నది. పుట్టుకను విడుచుట మహనీయులకును కష్టమే. అయినను నేడు మన ఉపశాఖల మధ్య వియ్యమునకు సందేహించు పెద్దలు ఈ లెక్కలను ఒకమారు తలచుట మంచిది.

ధర్మప్రశ్నకు మరలవలెను. ప్రమాదాంకము నొసటివ్రాతయా? కొందరు అట్లే తలతురు. వ్రాసియున్నదానిని వైద్యుడేమి మార్పగలడని చేతులు ముడుచుకొందురు. మరికొందరు అంకె తక్కువ వచ్చినదని నిశ్చింతగా రోగలక్షణములను కూడ లెక్కచేయరు. రెండును అవివేకములే. పాలమూరు రైతుకు వానలు నమ్మదగినవి కావని తెలియును. తెలిసినందున అతడు సేద్యము మానలేదు. ఏ పైరు వేయవలెనో, ఎప్పుడు వేయవలెనో ఆలోచించినాడు. ప్రమాదమెరుగుట కర్మమునకు లొంగుట కాదు. అది కాయకమునకు పూర్వాంగము. శరణులు శకునములను, ముహూర్తములను గౌరవింపలేదు. అవి మనుష్యుని చేతిపనిని ఆపివేయునని వారు గ్రహించిరి. చేతిపనిని మేల్కొల్పు జ్ఞానము వేరు.

జ్ఞానమంతయు మేలేనా అనునది మరియొక ప్రశ్న. ప్రోస్టేటు కేన్సరులో కొన్ని మిక్కిలి మందగతితో పెరుగును. అట్టి వ్యాధి ఉన్నదని తెలియకయే మరియొక కారణమున కన్నుమూసిన వృద్ధులు అనేకులు. పి.ఎస్.ఏ. అను రక్తపరీక్ష ఇట్టివానిని కూడ బయటపెట్టును. అవసరము లేని శస్త్రచికిత్స జరిగినచో మూత్రము నిలుపుకొను శక్తియు, దాంపత్యజీవనమును దెబ్బతినవచ్చును. కావున పరీక్షను వెంటనే అందరికిని చేయింపవలెననుట ఒక అతి. వద్దనుట మరియొక అతి. వయస్సు, ఆరోగ్యము, కుటుంబచరిత్ర చూచి వైద్యునితో ఆలోచించి నిశ్చయించుకొనుటయే మధ్యమార్గము.

ఒక కుటుంబమును ఊహింపుడు. తండ్రి వనపర్తిలో చిన్న దుకాణము నడుపువాడు. కుమారుడు అమెరికాలో ఉద్యోగి. కుమారుడు అచట లాలాజలమిచ్చి తన ప్రమాదాంకము అధికమని తెలిసికొన్నాడు. ఆ అంకె అతని ఒక్కనిది కాదు. దానిలో తండ్రిపాలు కలదు, అన్నదమ్ముల పాలును కలదు. అతడు చెప్పవలెనా? చెప్పినచో తండ్రి బెంగపడును. చెల్లెలి పెండ్లిమాటలు నడుచుచున్నవి, ఊరిలో ఈ వార్త పొక్కినచో సంబంధము తప్పునేమోయని తల్లి భయము. ఇచ్చట శరణధర్మము రెండు మాటలు చెప్పును. తన శరీరముద్వారా తెలిసిన హెచ్చరికను రక్తబంధువులకు దాచుట న్యాయము కాదు. కాని దానిని ఊరికి చాటుటయు న్యాయము కాదు. తండ్రికి నెమ్మదిగా చెప్పి వైద్యునివద్దకు పంపుట కుమారుని విధి. ఆ సంగతిని విని వియ్యమును తెంచుకొనువారు, పుట్టుకను సూతకముగా చూచువారి కోవలో చేరుదురు. వంశవ్యాధి కారణమున ఆరోగ్యబీమాను నిరాకరించుట రాజ్యాంగవిరుద్ధమని ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము 2018లో తీర్పు చెప్పినది. న్యాయస్థానము బీమా సంస్థకు చెప్పినది, సమాజము తనకు తాను చెప్పుకొనలేదా?

మన కొలబద్ద మనకు లేకున్న ఎట్లు? 2020లో కేంద్రప్రభుత్వ జీవసాంకేతిక శాఖ ప్రారంభించిన జీనోమ్ ఇండియా అను ప్రయత్నమున 83 జనసమూహములకు చెందిన సుమారు 10 వేలమంది జన్యులిపిని చదివిరి. 2025 జనవరిలో ఆ నిధిని పరిశోధకులకు తెరచిరి. ఇది పునాది మాత్రమే. భారతీయ రోగులను, ఆరోగ్యవంతులను లక్షలకొలది పోల్చిననే తప్ప మనకు చెల్లు ప్రమాదాంకము రాదు. ఇచ్చట దాసోహమునకు ఒక కొత్త అర్థము తోచుచున్నది. అన్నము పెట్టుట దాసోహమైనట్లు, రాబోవు తరముల మేలుకై తన రక్తపుచుక్కను పరిశోధనకిచ్చుటయు దాసోహమే. అయితే దాసోహము ఇచ్చువాని ఎరుకతో జరుగవలెను. దేనికై తీసికొనుచున్నారో అతని భాషలో చెప్పవలెను. వద్దనుటకు అతనికి హక్కుండవలెను. అది ఎవరి వ్యాపారమునకో సరుకు కారాదు. ఎరుక లేక తీసికొన్నది దాసోహము కాదు, దోపిడి.

అంతవరకు మన మూడు జిల్లాల కుటుంబములు చేతులు ముడుచుకొననవసరము లేదు. ఖర్చు లేని ప్రమాదాంకము ఒకటి ప్రతి యింటను ఉన్నది. అది కుటుంబచరిత్ర. తండ్రికో, అన్నదమ్ములకో ఈ వ్యాధి వచ్చినచో ఆ పురుషుని ప్రమాదము సుమారు రెండింతలగును. తల్లివైపు కూడ విచారింపవలెను. స్త్రీలలో రొమ్ము, అండాశయ కేన్సర్లకు దారితీయు బి.ఆర్.సి.ఏ.2 అను జన్యువు మార్పే, పురుషులలో ఈ వ్యాధి ప్రమాదమును పెంచును. మూత్రమున రక్తము, మూత్రధార సన్నగిల్లుట, రాత్రి పలుమార్లు లేచుట, నడుము ఎముకలలో విడువని నొప్పి కన్పట్టినపుడు సిగ్గు విడిచి వైద్యుని చూడవలెను. ఇవి చాలవరకు కేన్సరు కాకనేపోవచ్చును. చూపించుకొనిననే గాని తెలియదు. ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్‌లో మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో నాటి ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. వనపర్తి, నాగర్‌కర్నూలులయందు 2022లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. కేన్సరుకై హైదరాబాదున ఎం.ఎన్.జె. ప్రభుత్వ ఆసుపత్రి కలదు. మఠములు జాతరలవేళ, శివానుభవ గోష్ఠులవేళ ఏబది దాటిన పురుషులకు ఈ నాలుగు మాటలు చెప్పించినచో, అది పురాణప్రవచనముకంటె తక్కువ పుణ్యము కాదు.

కూడలసంగమమును తాకి వచ్చిన కృష్ణ, గద్వాలను వనపర్తిని వేరుచేయుచు, నాగర్‌కర్నూలు దక్షిణపుటంచున శ్రీశైలమునకు సాగిపోవును. ఏ ఊరి నీరు ఎంత అని ఆ నదిని అడుగువారు లేరు. కాని ఏ రేవున సుడిగుండమున్నదో తెలిసికొనని పడవవాడు అవివేకి. పుట్టుకయు అట్టిదే. అది ఒకని విలువను చెప్పదు. అతని దేహమున ఎచట జాగ్రత్త అవసరమో కొంత చెప్పును. విలువకును ప్రమాదమునకును గల ఈ భేదమును మరచినవాడు, శాస్త్రజ్ఞుడైనను పురోహితుడైనను, పాతతప్పునే చేయును. దేహమును దేవాలయముగా భావించి దానిపై ఇష్టలింగమును ధరించిన శరణునకు, ఆ దేవాలయపు గోడలలో బీట ఎచటనున్నదో చూచుకొనుటయు పూజలో భాగమే. బీట కలదని దేవుడు వెడలిపోడు. చూడక విడిచిననే గుడి కూలును.